తెల్లపూత

ఇంకో పావుగంట ఉంటుందేమో, అంతకు మించి ఉండదు, పెదవులు అప్పుడే కదులుతున్నాయి, నిద్రలోనే దేన్నో చప్పరిస్తున్నట్టు; ముందు పెదవులు, తర్వాత కుడి చెయ్యి, ఆ తర్వాత మెడ అటూ ఇటూ, అప్పుడు ఏడుపు. ఈ ఇరవై ఎనిమిది రోజుల్లో భావనకు ఆ వరస కంఠతా వచ్చేసింది. పెదవుల దగ్గరే ఆగిపోతే బాగుండును అని ప్రతిసారీ అనుకుంటుంది, ఒక్కసారీ ఆగలేదు. ఒళ్ళో ఉన్న కూతురు చిట్టి బరువు మూడున్నర కిలోలు. మూడున్నర కిలోల ప్రాణాన్ని చూసి ఇరవై ఆరేళ్ళ మనిషి భయపడటం ఏమిటి? సింధనూరు పిల్లల ఆసుపత్రి హాల్లో బెంచీలన్నీ నిండిపోయి ఉన్నాయి, పైన ఫ్యాను తిరుగుతున్నది గానీ గాలి ఆమె దాకా రావడం లేదు, చెవుల్లో దూది, దాని మీద తలచుట్టూ కట్టిన మఫ్లరు, అందుకని హాల్లో దగ్గులూ ఏడుపులూ పేర్లు పిలిచే గొంతులూ అన్నీ పక్క ఇంట్లోంచి వస్తున్నట్టున్నాయి. బాలింత చెవుల్లోకి గాలి పోకూడదు. గోరేబాళ నుంచి ఇక్కడికి ఆటోలో వచ్చినంతసేపూ అమ్మ మఫ్లరు జారిందేమోనని నాలుగుసార్లు చూసింది. ఇప్పుడు అమ్మ, సీతారావమ్మ, డాక్టరుగారి తలుపు దగ్గర కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంది, కూర్చుంటే మన వంతు ఎవరో తన్నుకుపోతారని ఆవిడ నమ్మకం. ఎదురు గోడ మీద పెద్ద బొమ్మ, తల్లి ఒళ్ళో బొద్దుపాప పాలు తాగుతున్నది, కింద తల్లిపాలే అమృతమని కన్నడంలో రాసి ఉంది. ఆ తల్లి పాపను చూసి నవ్వుతున్నది. భావన ఆ నవ్వును వెతికి వెతికి చూసింది, పళ్ళు కరుచుకున్న ఆనవాలు ఎక్కడైనా ఉందేమోనని. లేదు. బొమ్మ గీసినవాడు మగవాడై ఉంటాడు, లేదా ఆ తల్లి నిజంగానే అలాంటి తల్లి అయి ఉంటుంది, అలాంటి తల్లులు ఉంటారు, ఎక్కువమంది అలాంటివాళ్ళే, తను కాదు.

తెల్లగా కనిపించింది మొదట నాలుక మీద. పాలే అనుకున్నారు. పాలు తాగే పిల్ల నాలుక తెల్లగా కాక నల్లగా ఉంటుందా అని అమ్మ నవ్వింది, తడిగుడ్డ వేలికి చుట్టి తుడిచింది, పోలేదు, గట్టిగా తుడిస్తే కింద ఎర్రగా చుక్క కనిపించింది. అప్పుడు బుగ్గల లోపలా ఉన్నాయి, తోడుకున్న పెరుగు తునకలు అంటించినట్టు. అది పదమూడో రోజు. పురుడు ఇరవై ఒకటో రోజున గాని తీరదు, బాలింత గడప దాటకూడదు, కాబట్టి పిల్లను పొత్తిళ్ళలో చుట్టుకుని అమ్మ వెళ్ళింది, రాయచూరు నుంచి సెలవు పెట్టి వచ్చిన భర్త ధర్మతేజ వెంట వెళ్ళాడు, భావన గుమ్మం లోపల నిలబడి ఆటో కాలవగట్టు మలుపు తిరిగేదాకా చూసింది. తనలోంచి వచ్చినదాన్ని తను లేకుండా తీసుకుపోతున్నారని ఒక్క క్షణం గడప దాటబోయింది, మరుక్షణం, ఇది ఎవరికీ చెప్పలేదు, హాయిగా అనిపించింది, రెండు గంటలు, రెండు గంటలు ఎవరూ తనను నోటితో పట్టుకోరు. వాళ్ళు చిన్న సీసాతో తిరిగి వచ్చారు, నోట్లో రోజుకు నాలుగుసార్లు చుక్కలు వెయ్యమన్నారు. ఫంగస్ అట. తల్లి ఎలా ఉందని డాక్టరుగారు అడిగారట, బాగానే ఉందండీ అని అమ్మ చెప్పిందట. అది అబద్ధం కూడా కాదు. అమ్మకు తెలియదు. నాలుగు రోజుల్లో తెల్లపూత పోయింది, ఆరో రోజుకు మళ్ళీ వచ్చింది. పంతొమ్మిదో రోజున అమ్మ మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ అదే సీసా, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళు తలా ఒకటి అన్నారు, తల్లికి వేడి చేసిందని ఒకరు, దిష్టి అని ఒకరు, పథ్యం తప్పి ఉంటుందని ఒకరు. పథ్యం తప్పడానికి ఏం పెట్టారని, వెల్లుల్లి కారం, వాము, పాత బియ్యం అన్నం. ఫోను కూడా బీరువాలో పెట్టేసింది అమ్మ, బాలింత ఫోను చూస్తే కళ్ళు పోతాయని, సాయంత్రం ధర్మతేజ ఫోను చేసినప్పుడు మాత్రం బయటికి తీసేది, మాట్లాడుతున్నంతసేపూ పక్కనే కూర్చునేది. భర్తకు మాత్రం ఏం చెబుతుంది, అమ్మ పక్కనుండగా?

నిజానికి చెప్పింది, మొదట్లో చెప్పింది. మూడో రోజున పాలిస్తుంటే నొప్పిగా ఉందని అంటే అమ్మ దగ్గరికి వచ్చి కూర్చుని, తొలిచూలు కదే, అందరికీ ఉంటుంది, పదిరోజులు ఓర్చుకో, తర్వాత నీకే తెలియదు అంది. అమ్మ మాట నిజమైంది, ఎనిమిదో రోజుకు నొప్పి తగ్గింది, రెండు మూడు రోజులు గోడ మీద బొమ్మలాగే ఉంది భావన, చిట్టి తాగుతుంటే ఆ చెవి అంచు మీది నూగును చూస్తూ కూర్చుంది. పన్నెండో రోజున వచ్చింది ఇంకొకటి. ఇది ఆ నొప్పి కాదు, మంట. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో అలా, అయితే కన్ను కడుక్కోవచ్చు, ఇది చిట్టి వదిలేశాక కూడా వదలదు, రొమ్ము లోపలినుంచి వీపుదాకా దారం లాగినట్టు లాగుతూ అరగంట ఉంటుంది, జాకెట్టు గుడ్డ తగిలినా ఉంటుంది. కానీ మళ్ళీ ఎలా చెప్పాలి? ఒకసారి చెప్పింది, ఓర్చుకో అన్నారు, తగ్గింది. రెండోసారి చెబితే అది నొప్పి కాదు, సణుగుడు. మేమంతా పళ్ళబిగువున ఇవ్వలేదా అని అమ్మ అనకపోవచ్చు, అమ్మ మంచిదే, కానీ ఆ చూపు ఉంటుంది. అందుకని లెక్క మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు నుంచీ స్కూల్లో సైన్సు చెబుతున్న మనిషి, మూలకాలు వరసగా అనుకునేది, చిట్టి పట్టుకోగానే హైడ్రోజన్, హీలియం, లిథియం, ఊపిరి బిగబట్టి బెరీలియం, బోరాన్, మొదట్లో కాల్షియం వచ్చేసరికి మొదటి మంట కాస్త సర్దుకునేది. ఇరవై మూలకాలు. ఇప్పుడు కాల్షియం దాటి, స్కాండియం, టైటానియం దాటి, జింకు దాకా పోయినా సర్దుకోవడం లేదు. ఆ తర్వాత వరస ఆమెకు సరిగా గుర్తు లేదు. జింకు తర్వాత ఏమీ లేదు, ఖాళీ, ఆ ఖాళీలో చిట్టి ముఖం ఒక్కటే ఉంటుంది, కళ్ళు మూసుకుని, నుదురు ముడుచుకుని, దవడలు ఆడిస్తూ, ఎవరో తెలియని మనిషి ముఖంలా.

ఎవరో తెలియని మనిషి. ఆ మాట మొన్న మధ్యాహ్నం వచ్చింది మనసులోకి, పెరట్లో మోటారు దగ్గర. అమ్మ పక్క ఇంటికి వెళ్ళింది, నాన్న చేలో ఉన్నాడు. చిట్టి పెదవులు కదిపింది, చెయ్యి కదిపింది, మెడ తిప్పింది. భావన లేచి పెరట్లోకి వెళ్ళి మోటారు వేసింది. ట్యాంకులో నీళ్ళు ఉన్నాయి, తెలుసు. చెవుల్లో దూదిని వేలితో ఇంకా లోపలికి నొక్కుకుని మోటారు పక్కన నిలబడింది. మోటారు చప్పుడు కింద ఏడుపు సన్నగా, తెగిన దారంలా, వినిపించీ వినిపించకుండా. ఎంతసేపు? ట్యాంకు నిండి నీళ్ళు గోడమీదుగా కారి ఆమె పాదాల దగ్గర మడుగు కట్టేంతసేపు. తన పాలు కూడా కారాయి, ఆ ఏడుపుకు, జాకెట్టు తడిసి చీరదాకా వచ్చింది, శరీరం ఒకవైపు పరిగెత్తుతుంటే కాళ్ళు మాత్రం కదలలేదు. లోపలికి వెళ్ళేసరికి చిట్టి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది, నిద్రలో వెక్కిళ్ళు. పిడికిళ్ళు మూసుకునే ఉన్నాయి. అప్పుడే వచ్చిన అమ్మ తొంగిచూసి, ఎంత బుద్ధిగా పడుకుందో చూడవే, నీలాగే అంది. నీలాగే. భావన నవ్వింది కూడా. రాత్రి అన్నం పెట్టేటప్పుడు నాన్న, ట్యాంకు పొర్లించేశావేంటమ్మా అని మాత్రం అడిగాడు. మర్చిపోయాను నాన్నా అంది. మర్చిపోవడం అంత తేలికా?

చిన్నప్పుడు ఒక గేదె ఉండేది, ఈనాక దూడను దగ్గరికి రానిచ్చేది కాదు, కాళ్ళతో తన్నేది. తల్లి గుణం లేని గొడ్డు అన్నారు ఇంటికి వచ్చినవాళ్ళు. సంతలో అమ్మేశారు. తొమ్మిదేళ్ళ భావన దూడ మెడ పట్టుకుని, పోతే పోయింది పాడు గేదె అని దానితో చెప్పింది. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది ఇది? గుర్తు రావడానికి కారణం అక్కర్లేదు, మనసు తనకు కావలసిన సాక్షులను తనే పిలుచుకుంటుంది.

అందుకే ఈరోజు తనే వచ్చింది. ఇరవై ఒకటో రోజు దాటింది, నేనూ వస్తానంటే అమ్మ అంతగా అడ్డు చెప్పలేదు. అమ్మకు తెలియనిదేమిటంటే భావన ఒక మాట పట్టుకుని వచ్చింది. నాకు పాలు చాలడం లేదండీ, డబ్బా పాలు మొదలుపెడతాం, మీరు ఒక్కమాట మా అమ్మతో చెప్పండి. ఆటోలో నాలుగుసార్లు అనుకుని చూసుకుంది. డాక్టరు చెబితే అమ్మ వింటుంది, అత్తగారు వింటారు, ఎవరూ ఏమీ అనరు, తన గుణం సంగతి ఎవరికీ తెలియదు. సీసా పాలకు మంట ఉండదు. సీసా ఎవరైనా పట్టుకోవచ్చు, అమ్మ పట్టుకోవచ్చు, నాన్న పట్టుకోవచ్చు. అప్పుడు తను పక్కన కూర్చుని చిట్టిని చూడవచ్చు, భయం లేకుండా, మొదటిసారి. అది తప్పా? తప్పని కాదు, అబద్ధం, అంతే. పాలు చాలడం లేదని చెప్పబోయే మనిషి జాకెట్టు ఇప్పుడు కూడా రెండు పక్కలా తడిసి ఉంది, పైన మడత పెట్టిన తువ్వాలు లేకపోతే హాలంతా చూసేది. డాక్టరుగారు చూడరా? చూడరు. ఆయన పిల్ల నోరు చూస్తారు.

కుడి చెయ్యి కదిలింది. మెడ తిరిగింది. పావుగంట కాలేదు. భావన భుజాలు వాటంతట అవే చెవుల దాకా లేచాయి, ఆమె వాటిని చూసుకుని దించింది. ఏడుపు మొదలు కాకముందే ఇచ్చెయ్యడం మంచిది, ఏడ్చిన నోటితో పట్టుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గోడవైపు తిరిగి, పైట కప్పుకుని, హుక్కులు తీసి, హైడ్రోజన్, హీలియం. పక్కన కూర్చున్న ఆడమనిషి, యాభై దాటి ఉంటుంది, ఒళ్ళో రెండేళ్ళ మనవణ్ణి పడుకోబెట్టుకుని ఇందాకటి నుంచి వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూస్తున్నది, కలుపు తీయడానికి యరగేర నుంచి కాలవకిందికి వచ్చిన కూలి గుంపు మనిషి, పేరు అయ్యమ్మ అని, పిల్లవాడికి మూడు రోజులుగా జ్వరమని, భావన అడగకుండానే చెప్పి ఉంది. ఇప్పుడామె చూపు ఇటు తిరిగింది. నైట్రోజన్, ఆక్సిజన్. భావన కాలి బొటనవేలు నేలను తవ్వుతున్నది. సోడియం.

“ఏంది బిడ్డా, పాలిస్తున్నవా, పన్ను పీకిచ్చుకుంటున్నవా?”

దూదిలోంచి కూడా స్పష్టంగా వినిపించింది. భావన లెక్క తప్పింది. పాపకి నోట్లో బాగోలేదండీ, దానికే వచ్చాం అంది.

“కూసుకు బాగలేకుంటే నీ కండ్లల్ల నీళ్ళెందుకొస్తున్నయ్?”

కూసంటే పాప అని భావనకు తెలుసు, కన్నడ మాట. అయ్యమ్మ అడగలేదు, పెట్టలేదు, పైట అంచు ఒక వేలితో ఎత్తి లోపలికి చూసి, మళ్ళీ తనే సర్ది కప్పింది, ఎవరి పొయ్యి మీదిదో గిన్నె మూత తీసి చూసినంత మామూలుగా. ఇరవై ఎనిమిది రోజుల్లో అక్కడికి చూసిన మొదటి మనిషి ఈవిడ అని భావనకు ఆశ్చర్యంగా తట్టింది. తను కూడా చూసుకోలేదు, స్నానంలో అమ్మ నీళ్ళు పోస్తుంటే కళ్ళు మూసుకునేది.

“ఎర్రగ మెరుస్తున్నది గద. మందు కూసుకేనా, నీకేం రాసిన్రు?”

“నాకా? నాకెందుకండీ, జబ్బు పాపకి కదా.”

“అబ్బో, సదువుకున్నదానివే. అది ఒక్కతే తాగుతదా, నువ్వు తాపుతలేవా?” అయ్యమ్మ నవ్వింది, ఆ నవ్వులో ఎగతాళి ఉంది గానీ విషం లేదు. తన బిడ్డకు, అంటే ఈ పిల్లవాడి తల్లికి, ఇట్లనే అయిందని, ఊరి దవాఖానాలో ఇద్దరికీ మందు ఇచ్చారని, వాడికి నోట్లో, దానికి పైన, పది పన్నెండు దినాలు పట్టిందని, ఒళ్ళో పిల్లవాణ్ణి జోకొడుతూ చెప్పుకుపోయింది. చివర్న గొంతు తగ్గించింది. “మా పిల్ల గూడ సిగ్గుపడి నెల దినాలు దాసిపెట్టె. గడప అవతల పారేద్దామనిపిచ్చె కూసును, అన్నది నాతోని. నేనేమనలే. మంట పోయినంక అదే ముద్దాడె.”

గడప అవతల. భావన తల తిప్పి ఆమెవైపు చూడలేకపోయింది. మోటారు చప్పుడు, పాదాల దగ్గర నీళ్ళు. ఇంకొక స్త్రీ, ఎవరో, యరగేరలో, అదే మాట తల్లితో పైకి అన్నది, ఆ తల్లి ఏమీ అనలేదు, ఆకాశం విరిగి పడలేదు. చిట్టి తాగుతూనే ఉంది, మంట మంటలాగే ఉంది, కానీ దాని పక్కన ఇప్పుడు ఇంకొకటి కదులుతున్నది, ఒక ఆలోచన, చాలా రోజుల తర్వాత సైన్సు టీచరు ఆలోచన. ఎక్కడినుంచి వస్తున్నది? పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. నోట్లోంచి పోయింది, మరి ఎక్కడ దాక్కుని మళ్ళీ వచ్చింది? మూడేళ్ళ కిందట సుడిదోమ అలాగే వచ్చింది నాన్న వరికి, దుబ్బుల అడుగున చేరి, చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోయింది. నాన్న మూడుసార్లు మందు కొట్టించాడు, కొట్టిన వారం బాగుండేది, మళ్ళీ వచ్చేది, కంపెనీ మందు కల్తీ అన్నాడు, మనిషి సరిగా కొట్టలేదన్నాడు, నా రాత అన్నాడు. నాన్న చెంచయ్య నోట రాత అన్న మాట రావడం అదే మొదలు. చివరికి ఒక సాయంత్రం గట్టు దాటి పక్క మడి విరూపాక్ష దగ్గరికి వెళ్ళాడు, ఇద్దరికీ అంతగా మాటల్లేవు, నీళ్ళ తగాదా, అయినా వెళ్ళాడు, చూస్తే ఆ మడి దుబ్బుల అడుగున దోమే దోమ. ఒకే రోజు, ఒకే పూట, గట్టుకు రెండు పక్కలా కొట్టించారు. ఆ రాత్రి అన్నం తింటూ, మన మడి ఒక్కటే చూసుకుంటే దోమకు గట్టు తెలుస్తుందా అన్నాడు నాన్న, తనను తనే తిట్టుకుంటున్నట్టు.

గట్టు తెలుస్తుందా? ఎనిమిదో తరగతికి రొట్టె ముక్క తడిపి గాజు గ్లాసు కింద మూసిపెట్టి బూజు పట్టించి చూపించింది తనే. ఏమేం కావాలి పిల్లలూ అని అడిగింది తనే, తేమ, వెచ్చదనం, చీకటి అని నలభై గొంతులు ఒక్కసారి చెప్పాయి. తడిసిన జాకెట్టు గుడ్డ, దాని మీద మడత పెట్టిన తువ్వాలు, దాని మీద పైట. ఆమెకు తన మీద కోపం వచ్చింది, ఆ కోపం కూడా హాయిగా ఉంది, ఇన్నాళ్ళూ ఉన్నది కోపం కాదు, కోపానికి కాస్తయినా వెన్నెముక ఉంటుంది. ఎందుకు తట్టలేదు? ఫంగస్ అన్న మాట ఇంట్లో పదిహేను రోజులుగా తిరుగుతున్నది, ఎందుకు తట్టలేదు? చిట్టిది జబ్బు అనుకుంది, తనది గుణం అనుకుంది, అందుకు. జబ్బుకు మందు అడుగుతారు, గుణాన్ని దాచుకుంటారు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, అమ్మ కాదు, అత్తగారు కాదు, తీర్పు చెప్పినవాళ్ళంతా లోపలే ఉన్నారు, ఆ గేదెను అమ్మేసినప్పటి నుంచీ అక్కడే ఉన్నారేమో. మరి మోటారు దగ్గర నిలబడ్డ మనిషి? ఆమె ఎక్కడికీ పోదు. మందు రాసినా పోదు. ఆ మధ్యాహ్నం ఆ మధ్యాహ్నమే. కానీ ఆమె ఒక్కర్తే భావన కాదు. చిట్టి వదిలింది. మంట వీపుదాకా పాకింది, భావన హుక్కులు పెట్టుకుంటూ దాన్ని గమనించింది, పిల్లల జవాబు పత్రం చూసినట్టు, ఎక్కడ మొదలవుతున్నది, ఎంతసేపు ఉంటున్నది, డాక్టరు అడిగితే చెప్పాలి కదా.

తలుపు దగ్గర అమ్మ చెయ్యి ఊపుతున్నది, మనదే, మనదే, రా. భావన లేచింది, అయ్యమ్మ వైపు తల వంచింది, ఆమె అప్పుడే వేరే ఎవరినో చూస్తున్నది. చిట్టిని భుజాన వేసుకుని డాక్టరు తలుపు వైపు కాకుండా చీటీలు రాసే బల్ల దగ్గరికి నడిచింది. బల్ల వెనక బసవరాజ్ అనే కుర్రగుమాస్తా. నా పేరు మీద ఇంకో చీటీ రాయండి అంది. అతను తలెత్తాడు.

“మేడమ్, ఇక్కడ పిల్లలకే చీటీ. పెద్దోళ్ళకు రాసేది లేదు. మీకేమైంది?”

చెవుల్లో దూది చూసి కాబోలు గట్టిగా అడిగాడు. మొదటి బెంచీ మీద ఇద్దరు మగవాళ్ళు ఇటు తిరిగారు. వెనకనుంచి అమ్మ, అక్కడేం చేస్తున్నావే, డాక్టరుగారు పిలుస్తుంటే అంటున్నది.

“వస్తున్నానమ్మా.”

అతని చేతి కింద చిట్టి చీటీ ఉంది, భావన పాప అని పేరు, వయసు ఇరవై ఎనిమిది రోజులు, దాని కింద బాధ ఏమిటో రాసే చోట నోట్లో తెల్లపూత, మూడోసారి. భావన అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. అడగలేదు. పిల్ల తలను మెడతో ఆనించి పట్టుకుని, ఒంగి, ఆ వాక్యం కింద మిగిలిన చోటులో కన్నడంలో రాసింది, తల్లికి కూడా మంట, పన్నెండో రోజు నుంచి అని. అతను చదువుతున్నాడని తెలుసు, చదవనిచ్చింది. తర్వాత ‘తల్లి’ అన్న పదం కింద గీత గీసింది.